98 చూపిస్తే చాలా?

కొవిడ్ రోజుల్లో పల్స్ ఆక్సీమీటర్ మన ఇళ్లలోకి థర్మామీటర్ కన్నా వేగంగా వచ్చేసింది. వేలికి క్లిప్పు తగిలించడం, 98 అనో 97 అనో కనబడగానే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకోవడం అందరికీ అలవాటైంది. ఆ అలవాటునే గుండె ఆపరేషన్ అయిన మనిషి మంచం దగ్గరికీ తీసుకెళ్తున్నాం. ఐసీయూ అద్దం అవతల నిలబడ్డ బంధువులు ముందుగా అడిగేది "ఆక్సిజన్ ఎంత ఉందండీ?" అనే. రక్తం ఎంత పారుతోందని అడిగేవాళ్లు అరుదు. గుండె ఆపరేషన్‌లో ప్రాణం ఆ అడగని ప్రశ్నకే ముడిపడి ఉంటుందని నా గట్టి నమ్మకం. అయితే ఆ ప్రవాహాన్ని ఎలా కనిపెట్టాలన్న దాని మీద ఆస్పత్రుల్లో పనిచేసేవాళ్లలోనే రెండు పక్షాలున్నాయి. ఆ రెంటినీ ఒక ఇంట్లో కూర్చోబెట్టాను. మేనత్త కార్డియాక్ ఐసీయూలో సిస్టర్‌గా చేరి ఇన్‌ఛార్జిగా రిటైరైన మనిషి. మేనల్లుడు పర్‌ఫ్యూజనిస్ట్, అంటే ఆపరేషన్ జరుగుతున్నంతసేపు హార్ట్-లంగ్ మెషిన్ నడిపేవాడు. మనుషులు నా ఊహ. వాళ్లు చెప్పుకునే ప్రయోగాలూ కొలతలూ ఊహ కావు.

మేనల్లుడు: అత్తా, మా ఆస్పత్రిలో ఈ ఏడు కొంచెం డబ్బు మిగిలింది. నుదుటి మీద అతికించి మెదడులో ఆక్సిజన్ చూసే మానిటర్లు కొనమని మేం అడుగుతున్నాం. ఎందుకు కావాలో రాసివ్వమన్నారు. నువ్వు నాలుగు ముక్కలు చెబితే బాగుంటుంది.

మేనత్త: నన్నడిగితే ఆ డబ్బుతో రాత్రి డ్యూటీకి ఇంకో ఇద్దరు సిస్టర్లను తీసుకోమంటాను. రాసుకో.

మేనల్లుడు: నా మాట వినకుండానే?

మేనత్త: ఈ మాట ఇదివరకే విన్నాను రా. వేలి క్లిప్పు వచ్చిన కొత్తల్లోనూ ఇలాగే చెప్పారు. ఇక ఆక్సిజన్ పడిపోయి ఎవరూ పోరన్నారు. 1993లో డెన్మార్క్ వాళ్ల ప్రయోగం ఒకటి అచ్చయింది. 20,802 మంది ఆపరేషన్ రోగులు. కొందరికి ఆక్సీమీటర్ పెట్టారు, కొందరికి పెట్టలేదు. పెట్టినవాళ్లలో ఆక్సిజన్ తగ్గడాన్ని 19 రెట్లు ఎక్కువగా పసిగట్టారు. తీరా చూస్తే చావుల్లోనూ, ఆపరేషన్ తర్వాత వచ్చే చిక్కుల్లోనూ మొత్తం మీద తేడా ఏమీ తేలలేదు. మా అనస్థీషియా సార్ ఆ పేపరు తెచ్చి డ్యూటీ రూములో మాకందరికీ చదివి వినిపించారు.

మేనల్లుడు: అదే పేపర్లో ఇంకో సంగతి కూడా ఉంది. గుండె కండరానికి రక్తం చాలని లక్షణాలు ఆక్సీమీటర్ ఉన్న గుంపులో 12 మందికి కనబడితే, లేని గుంపులో 26 మందికి కనబడ్డాయి. అయినా ఇవాళ ఆక్సీమీటర్ పెట్టకుండా మత్తిచ్చే డాక్టరు ఎవరైనా ఉన్నారా?

మేనత్త: లేరు, ఉండకూడదు కూడా. తీసి పారేయమని నేననడం లేదు. ఆ ప్రయోగం ఏం చెప్పిందో విను. కనిపెట్టడం 19 రెట్లు పెరిగింది. కనిపెట్టాక చేసే పని ఆ లెక్కలో పెరగలేదు. నువ్వు కొనమంటున్నది కనిపెట్టేదాన్ని. నేను అడుగుతున్నది చేసేవాళ్లను.

మేనల్లుడు: క్లిప్పు విషయంలో నీకూ నాకూ గొడవే లేదు. పంపు నడుస్తున్నంతసేపు అది నాకు ఎందుకూ పనికిరాదు. రోలర్ పంపు రక్తాన్ని ఒకే ధారగా తోస్తుంది, నాడి ఉండదు. ఆక్సీమీటర్ బతికేదే నాడి మీద. 660 నానోమీటర్ల ఎర్ర కాంతినీ, 940 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ కాంతినీ వేలిలోంచి పంపి, అందులో కొట్టుకుంటున్న భాగాన్ని మాత్రం విడదీసి, అదే ధమని రక్తమని తీసుకుని లెక్క కడుతుంది. ఆ కిటుకు కనిపెట్టింది జపాన్‌లో నిహోన్ కోడెన్ కంపెనీ ఇంజినీరు తకువో అవోయాగి. ఆయన అసలు మొదలుపెట్టింది ఆక్సిజన్ కోసం కాదు. ఒంట్లోకి రంగు ఎక్కించి, చెవి దగ్గర అది పలచబడే తీరును బట్టి గుండె నిమిషానికి ఎంత రక్తం తోస్తోందో కట్టాలనుకున్నాడు. నాడి కొట్టుకోవడం ఆ గ్రాఫును చెడగొడుతూ వచ్చింది. ఆ అడ్డు తొలగించే పనిలో ఉండగా, ధమని రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో ఆ అడ్డులోనే దాగి ఉందని తట్టింది. 1974లో లోకానికి చెప్పాడు.

మేనత్త: అంటే ప్రవాహాన్ని వెతుక్కుంటూ వెళ్లినాయనకు ఆక్సిజన్ దొరికింది. ప్రపంచమంతా ఆ దొరికినదాన్ని వేలికి తగిలించుకుంది. ఆయన వెతికినది ఇంకా వెతుక్కుంటూనే ఉన్నాం.

మేనల్లుడు: నేను చెప్పేదీ అదే.

మేనత్త: కాదులే. నువ్వు ఇంకో అంకె చూపిస్తానంటున్నావు. బంధువులకు నేను బస్సుల లెక్క చెప్పేదాన్ని. 98 అంటే వస్తున్న బస్సుల్లో సీట్లన్నీ నిండాయని. డిపోలో ఎన్ని బస్సులున్నాయో అది హిమోగ్లోబిన్. రోజుకు ఎన్ని ట్రిప్పులు తిరుగుతున్నాయో అది గుండె తోసే ప్రవాహం. ఊరికి ఒక్కటే బస్సు, అదీ పొద్దున ఒక్కసారే వచ్చినా సీట్లు నిండుగానే ఉంటాయి. ఊళ్లో దిగేదెంతమంది?

మేనల్లుడు: నేను పంపు దగ్గర చేసే గుణకారం సరిగ్గా అదే. ఒక గ్రాము హిమోగ్లోబిన్ నిండితే 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంది. దాన్ని హిమోగ్లోబిన్‌తో, సాచురేషన్‌తో అంటే సీట్లు నిండిన శాతంతో, ప్రవాహంతో గుణిస్తే నిమిషానికి ఒంటికి అందే ఆక్సిజన్ వస్తుంది. నీ వార్డుకు ఎప్పుడూ వచ్చే మనిషినే తీసుకుందాం. చిన్నప్పటి రుమాటిక్ జ్వరంతో మైట్రల్ వాల్వు పాడైన ఆడమనిషి. బరువు 45 కిలోలు. ఒంట్లో రక్తం మూడు లీటర్లకు కొంచెం తక్కువ. హిమోగ్లోబిన్ 9.

మేనత్త: 9 అంటే మన దగ్గర ఎవరూ కంగారు కూడా పడరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత. ఆంధ్రప్రదేశ్‌లో 58.8, తెలంగాణలో 57.6.

మేనల్లుడు: ఆమెను పంపు మీదకు తీసుకునే ముందు నా ట్యూబులు, ఆక్సిజనేటర్ అన్నీ సెలైన్ లాంటి ద్రవంతో నింపి ఉంచాలి. ఎక్కడా గాలి బుడగ మిగలకూడదు. దానికి 1,200 మిల్లీలీటర్లు పట్టిందనుకో. పంపు మొదలవగానే ఆ నీరంతా ఆమె రక్తంలో కలుస్తుంది. 9 ఉన్న హిమోగ్లోబిన్ చూస్తుండగానే 6.4కి దిగుతుంది. ఒంటి వైశాల్యంలో చదరపు మీటరుకు నిమిషానికి 2.4 లీటర్లు, ఇది మేం మామూలుగా ఇచ్చే ప్రవాహం. గుణిస్తే చదరపు మీటరుకు నిమిషానికి 205 మిల్లీలీటర్ల ఆక్సిజన్. రక్తంలో విడిగా కరిగి ఉన్నది కలిపినా 225 దాటదు. అదే సమయంలో ధమని రక్తాన్ని పరీక్షకు పంపితే సాచురేషన్ 100 అని వస్తుంది.

మేనత్త: కావలసింది ఎంత?

మేనల్లుడు: 2005లో ఇటలీలో మార్కో రానుచ్చి బృందం బైపాస్ రోగుల రికార్డులు పరిశీలించింది. పంపు మీద ఉండగా అందే ఆక్సిజన్ 272 కన్నా కిందికి పడినవాళ్లలో కిడ్నీలు దెబ్బతినడం ఎక్కువగా ఉందని చూపించింది. 2018లో గిఫ్ట్ అనే ప్రయోగం వచ్చింది. ఆక్సిజన్‌ని 280కి తగ్గనివ్వకుండా పంపు నడిపిన గుంపులో కిడ్నీ దెబ్బ తగ్గింది.

మేనత్త: ఏ స్థాయి దెబ్బ?

మేనల్లుడు: మొదటి స్థాయిది. అంతకన్నా తీవ్రమైనదాంట్లో తేడా తేలలేదు. అయినా ఆ హద్దును నేను వదులుకోను. రోగిని చల్లబరిస్తే ఒంటి అవసరం తగ్గుతుంది, నిజమే. కానీ తిరిగి వేడెక్కించే అరగంటలో అవసరం పైకి లేస్తుంది, రక్తం మాత్రం పలచగానే ఉంటుంది. కిడ్నీ లోపలి పొరకు మామూలు రోజుల్లోనే ఆక్సిజన్ అంతంతమాత్రం. ముందు దెబ్బ తగిలేది దానికే.

(ఇక్కడ నేను కలగజేసుకుంటున్నాను. ఈ గుణకారానికి కొత్త యంత్రం ఏదీ అక్కర్లేదు. ప్రవాహం పంపు మీదే కనబడుతుంది, హిమోగ్లోబిన్ రక్తపరీక్షలో వస్తుంది, మిగిలింది కాగితం, పెన్ను. ఒక మనిషి కిడ్నీలు నిలుస్తాయా లేదా అన్నది ఇంత చిన్న లెక్క మీద ఆధారపడి ఉన్నప్పుడు, గుండె ఆపరేషన్ జరిగే ప్రతి థియేటర్లోనూ ఆ లెక్కను పది నిమిషాలకొకసారి పైకి చదివి వినిపించాలని నేను కోరుకుంటాను.)

మేనత్త: సరే, 225 దగ్గర ఆగిపోయిన ఆ అమ్మాయికి ఏం చేస్తావు?

మేనల్లుడు: ప్రవాహం పెంచుతాను. 280 దాటాలంటే 2.4 నుంచి 3కి తీసుకెళ్లాలి. అందుకు తగినంత రక్తం గుండె నుంచి నా డబ్బాలోకి వెనక్కి రావాలి, ప్రతిసారీ రాదు. ముందే ఆలోచిస్తే ట్యూబుల పొడవు తగ్గిస్తాను. పంపు మొదలుపెట్టే ముందు ఆమె సొంత రక్తాన్నే ట్యూబుల్లోకి వెనక్కి రానిచ్చి, లోపలున్న సెలైన్‌ని సంచిలోకి నెట్టేస్తాను. అప్పుడు నీళ్లు కలవడం బాగా తగ్గుతుంది. అదీ చాలకపోతే రక్తం ఎక్కించాలి.

మేనత్త: నువ్వు చెప్పినవన్నీ ఆ పూట చేసేవి. ఆమె 9తో రాకుండా 12తో వచ్చుంటే?

మేనల్లుడు: నీళ్లు కలిశాక 8.5. అదే ప్రవాహానికి 273. కరిగింది కలిపితే 290.

మేనత్త: అంటే ఏ యంత్రమూ లేకుండా గీత దాటేసింది. వాల్వు మార్చాలని డాక్టరు చెప్పిన రోజుకూ ఆపరేషన్ రోజుకూ మధ్య వారాలు గడుస్తాయి. ఆ వారాల్లో ఐరన్ ఇంజెక్షన్ ఎవరిస్తున్నారు? ఎకో తీయించుకోమంటారు, పన్ను డాక్టరుకు చూపించుకోమంటారు, అప్రూవల్ వచ్చిందో లేదో కనుక్కోమంటారు. హిమోగ్లోబిన్ కాలమ్‌లో 9 అని చదివి, దాటి పోతారు. నాకు కోపం వచ్చేది అక్కడే.

మేనల్లుడు: అందులో నీ కోపానికి అడ్డు చెప్పను. కానీ ఒళ్లంతటి లెక్క సరిపోయిందనుకో. ఆ రక్తం మెదడుకు వెళ్తోందని గుణకారం చెప్పదు కదా. మనిషి మత్తులో ఉంటాడు, మెడ దాకా గుడ్డలు కప్పి ఉంటాయి. పిలిస్తే పలకడు. అక్కడ నాకు నుదుటి సెన్సర్ కావాలి. 1977లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీలో ఫ్రాన్స్ యోబ్సిస్, ఇన్‌ఫ్రారెడ్‌లో ఒక మేరకు కాంతి ఎముకనూ దాటి మెదడులోకి పోగలదని చూపించాడు. దీనికి నాడి అక్కర్లేదు. పంపు మీదా పనిచేస్తుంది, రక్తప్రసరణ పూర్తిగా ఆపేసినప్పుడూ పనిచేస్తుంది. అది ఎక్కువగా చూసేది సిరల రక్తాన్ని, అంటే మెదడు వాడుకోగా మిగిలినదాన్ని. అందుకే మామూలుగా 60, 70ల్లో ఉంటుంది. మొదట ఉన్న అంకె నుంచి ఐదో వంతు పడిందంటే మేం కదలాలి.

మేనత్త: కదిలి?

మేనల్లుడు: ముందు తల చూడమంటాను. ఒక పక్కకు తిరిగిపోయి మెడ సిర నొక్కుకుపోయిందేమో. తర్వాత సర్జన్‌ని గొట్టాలు చూడమంటాను. తల నుంచి రక్తం వెనక్కి తెచ్చే గొట్టం మడతపడితే మెదడులో రక్తం నిలిచిపోతుంది. నా మిషన్ మీద ప్రవాహం నిక్షేపంగా కనబడుతూనే ఉంటుంది. ఆ తర్వాత బీపీ. ఆ తర్వాత కార్బన్ డయాక్సైడ్, అది మరీ తగ్గితే మెదడు రక్తనాళాలు ముడుచుకుంటాయి. నేను ఆక్సిజనేటర్‌లోకి పంపే గాలి కొంచెం తగ్గిస్తే తెరుచుకుంటాయి. అప్పటికీ లేవకపోతే హిమోగ్లోబిన్, ప్రవాహం, మత్తు, ఒంటి వేడి. నువ్వు అడిగిన 'చేసే పని' ఇదే అత్తా. కెనడాలో జాన్ మర్కిన్ బృందం 200 మంది బైపాస్ రోగుల్లో సగం మందికి ఇలా చేసింది, మిగతా సగం మందికి అంకెను ఎవరికీ కనబడకుండా దాచింది. 2007లో వచ్చిన ఆ ఫలితాల్లో, చూసి సరిదిద్దిన గుంపులో పెద్ద అవయవాలు దెబ్బతినడం, మరణం కలిపి తక్కువగా తేలాయి.

మేనత్త: 200 మందితో అంత పెద్ద మాట తేల్చలేం. 2018లో కాక్రేన్ సంస్థ వాళ్లు ఇలాంటి ప్రయోగాలన్నీ కలిపి చూశారు. పక్షవాతం, మరణం దీనివల్ల తగ్గుతాయో లేదో తెలియదనే అన్నారు. పైగా నీ సెన్సర్ మెదడు కన్నా ముందు నుదుటి చర్మాన్ని చూస్తుంది. 2012లో అచ్చయిన ప్రయోగంలో ఆరోగ్యంగా ఉన్నవాళ్ల తల చుట్టూ పట్టీ బిగించి చర్మానికి మాత్రం రక్తం ఆపారు. మెదడుకు ఏమీ కాలేదు. మూడు కంపెనీల మిషన్లూ అంకె పడిపోయిందనే చూపించాయి. అంతకుముందు 1996లో చనిపోయినవాళ్ల నుదుటికి పెట్టి చూశారు. కొందరిలో బతికున్నవాళ్లకు వచ్చేంత అంకె వచ్చింది.

మేనల్లుడు: అందుకే ఒక్క అంకెను పట్టుకుని కూర్చోవద్దంటాం. ఒకే మనిషిలో అది ఎటు పోతోంది, కుడికీ ఎడమకూ ఎంత తేడా వచ్చింది, అది చూడాలి. బృహద్ధమని వంపు మార్చే ఆపరేషన్ తీసుకో. రోగిని బాగా చల్లబరిచి, ఒళ్లంతటికీ రక్తం ఆపేస్తాం. మెదడుకు మాత్రం కుడి చంక దగ్గరి ధమనిలోంచి కిలోకి నిమిషానికి 10 మిల్లీలీటర్ల లెక్కన సన్నగా పంపుతాం. మెదడు అడుగున ధమనులన్నీ కలిసే వలయం ఒకటుంటుంది. కొందరిలో అది పుట్టుకతోనే పూర్తిగా ఏర్పడి ఉండదు. వాళ్లలో కుడి సగానికి చేరిన రక్తం ఎడమ సగానికి దాటదు. కుడి నుదురు 65 దగ్గర నిలకడగా ఉండి ఎడమ నుదురు 40కి జారుతుంటే, మెడలో ఎడమ పక్క కెరోటిడ్ ధమనిలో ఇంకో గొట్టం పెట్టమని సర్జన్‌తో చెబుతాం. ఆ నిమిషంలో నీ చేతికి ఏం తెలుస్తుంది?

మేనత్త: ఏమీ తెలియదు. అక్కడ నీ సెన్సర్ ఉండి తీరాలి. అది లేని చోట ఆ ఆపరేషన్ పెట్టుకోవద్దనే అంటాను.

మేనల్లుడు: మరి ఇంకేం?

మేనత్త: మీరు అక్కడితో ఆగరు నాన్నా. స్వాన్-గాంజ్ కాథెటర్ కథ నాకు తెలుసు. 1970లో వచ్చింది. కొసన చిన్న బెలూన్ కట్టి రక్తం వాలులోనే గుండె దాటించి ఊపిరితిత్తుల ధమనిలోకి పంపేవారు. ప్రవాహం అంకెల్లో కనబడేసరికి అవసరం ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ పెట్టారు. 2003లో 1,994 మంది పెద్ద వయసు రోగుల్లో, పెట్టినవాళ్లనూ పెట్టనివాళ్లనూ పోల్చి చూస్తే చావుల శాతం 7.8, 7.7. అప్పటికి ముప్పై ఏళ్లు గడిచాయి. నీ సెన్సర్లు ఒకసారి అతికిస్తే తీసి పారేసేవి, ఒక్కో రోగికి వేల రూపాయలు. అందరికీ అతికిస్తే రాత్రి మంచాల దగ్గర ఎవరుంటారు? ఆపరేషన్ అయిన మనిషిని థియేటర్లోంచి మా చేతికిచ్చేసి మీరు వెళ్లిపోతారు. అసలు రాత్రి అప్పుడు మొదలవుతుంది.

మేనల్లుడు: చెప్పు, ఏం చూస్తావు?

మేనత్త: పాదాలు పట్టుకుంటాను. థియేటర్లోంచి వచ్చినప్పుడు అందరి పాదాలూ చల్లగానే ఉంటాయి. గుండె బాగా తోస్తుంటే మోకాళ్ల నుంచి చీలమండలకు, అక్కడినుంచి బొటనవేలికి వెచ్చదనం దిగుతుంది. గంట గంటకూ చేయి పెట్టి ఎక్కడిదాకా దిగిందో షీటు మీద రాయించేదాన్ని. ఇది ముసలమ్మల వైద్యం అనుకోకు. 1969లో జోలీ, వైల్ అనే ఇద్దరు డాక్టర్లు షాకులో ఉన్న రోగుల బొటనవేలి వేడిని కొలిచి, గుండె తోసే రక్తంతో అది కలిసి నడుస్తోందని చూపించారు. తర్వాత యూరిన్ బ్యాగు చూస్తాను. 45 కిలోల మనిషికి గంటకు పాతిక మిల్లీలీటర్లయినా పడాలి. తర్వాత ఛాతీ డ్రెయిన్లు. గంటకు 100, 120 వస్తున్న డ్రెయిన్ ఉన్నట్టుండి ఎండిపోయిందనుకో, కొత్తగా వచ్చిన సిస్టర్ రక్తం ఆగిందని సంతోషిస్తుంది. నా గుండె జారిపోతుంది. గడ్డ అడ్డుపడి, కారుతున్న రక్తమంతా గుండె చుట్టూ పేరుకుంటోందేమో. గుండె నిండటానికి చోటు లేక నలిగిపోతుంటుంది. బొటనవేలు మళ్లీ చల్లబడుతుంది, యూరిన్ తగ్గుతుంది, సీవీపీ, అంటే గుండెకు చేరే పెద్ద సిరల్లోని ఒత్తిడి లేస్తుంది, బీపీలో పై అంకె, కింది అంకె దగ్గర పడతాయి. వెంటిలేటర్ మీద ఉన్న మనిషికి అప్పటికీ సాచురేషన్ 98 చూపిస్తూనే ఉంటుంది. అది 80కి దిగేదాకా ఎదురుచూస్తే ఛాతీ తెరిచేలోపు చేయి దాటిపోతుంది.

మేనల్లుడు: నువ్వు చూసే ఆ వేలి క్లిప్పే అప్పుడు ఇంకో సంగతి చెబుతుంది. అంకె 98 ఉన్నా దాని కింద గ్రాఫు చదునుగా అయిపోతుంది.

మేనత్త: దాన్ని ఎవరు చూస్తారు? గ్రాఫు సరిగా రాకపోతే క్లిప్పు తీసి ఇంకో వేలికి, అక్కడా రాకపోతే చెవికి మారుస్తారు. అంకె వచ్చేదాకా మారుస్తారు. వేలికి రక్తం రావడం లేదని చెబుతున్నదాన్ని నోరు మూయించి వెళ్లిపోతారు. నలుగురు రోగులకు ఒకరుంటే అలాగే చేస్తారు, పాపం వాళ్లనీ అనలేం. ఇంకోటి. 2020లో అమెరికాలో వచ్చిన పరిశోధన చూశావా? ఆక్సీమీటర్ 92 నుంచి 96 చూపిస్తున్నవాళ్ల రక్తం తీసి పరీక్షిస్తే అసలు సాచురేషన్ 88 కన్నా తక్కువ ఉన్నవాళ్లు తెల్లవాళ్లలో 3.6 శాతం, నల్లజాతివాళ్లలో 11.7 శాతం. చర్మం రంగు కాంతికి అడ్డుపడుతోంది. ఛామనఛాయ నుంచి నలుపు దాకా ఉన్న మన చేతులకు అది ఎంత తప్పుతోందో మనమే కొలుచుకోవాలి. అనుమానం వస్తే ఏబీజీ, అంటే ధమని రక్తపరీక్షకు పంపాల్సిందే.

మేనల్లుడు: ఏబీజీ అన్నావు కాబట్టి చెబుతున్నా. నీ పాదాలు చెప్పే సంగతినే గంట ముందు చెప్పగలిగేది ఇంకోటి ఉంది. గుండెకు తిరిగి వచ్చే సిరల రక్తం. 1870లో అడాల్ఫ్ ఫిక్ చెప్పిన సూత్రమే. ఒళ్లు వాడుకునే ఆక్సిజన్ మారనప్పుడు, ప్రవాహం తగ్గితే ప్రతి చుక్కలోంచీ ఎక్కువ పిండుకోవాలి. అప్పుడు తిరిగి వచ్చే రక్తంలో తక్కువ మిగులుతుంది. 70 ఉండాల్సింది 55కి దిగుతుంటే, వేలి మీద 98 ఉన్నా సరే, ఎక్కడో ప్రవాహం పడిపోతోంది. మెడలో వేసిన సెంట్రల్ లైన్‌లోంచి రెండు మిల్లీలీటర్ల రక్తం తీస్తే సుమారుగా తెలిసిపోతుంది. అందులోనే లాక్టేట్, అంటే ఆక్సిజన్ చాలనప్పుడు రక్తంలో పేరుకునేది, కూడా చూడొచ్చు. కొత్త మిషన్ అక్కర్లేదు.

మేనత్త: ఇది నాకు నచ్చింది. ఇది రాయి. నాలుగు గంటలకొకసారి ధమని రక్తం, సిర రక్తం పక్కపక్కన. పాదం చల్లగా ఉందని నేను ఫోన్ చేస్తే కొందరు డాక్టర్లు లేవరు. 70 నుంచి 52కి వచ్చిందంటే లేస్తారు.

మేనల్లుడు: చూశావా, అంకె అవసరం నీకూ ఉంది.

మేనత్త: ఉంది. అర్థం తెలిసిన అంకె అవసరం. పిల్లల ఐసీయూలో ఏమవుతుందో నీకు తెలుసుగా. ఒకే జఠరికతో పుట్టిన పాపకు ఊపిరితిత్తులకు రక్తం చేరేలా షంట్ వేస్తారు. ఆ పాపకు సాచురేషన్ 75 నుంచి 85 మధ్య ఉండాలి. 95 వచ్చిందనుకో, తల్లి దేవుడికి దండం పెట్టుకుంటుంది. అప్పుడు రక్తమంతా ఊపిరితిత్తులకే పరుగెత్తుతోంది, ఒంటికి దక్కడం లేదు. పేగులు, కిడ్నీలు ఎండిపోతుంటాయి. అక్కడ మంచి అంకే ప్రమాదం.

మేనల్లుడు: అక్కడే నేను రెండో సెన్సర్ అడుగుతాను. ఒకటి నుదుటి మీద, ఇంకోటి నడుము దగ్గర కిడ్నీ మీద. పసిబిడ్డ ఒళ్లు పలచన, కాంతి కిడ్నీ దాకా పోతుంది. వేలి మీద అంకె పెరుగుతూ నడుము మీద అంకె పడిపోతుంటే, నువ్వు చెప్పిన దారి మళ్లడం కళ్ల ముందు కనబడుతుంది.

మేనత్త: పసిబిడ్డలకు పెట్టమంటాను. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక గుండెలో రంధ్రంతో పుట్టిన పేదపిల్లలు ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో ఆపరేషన్‌కి రాగలిగారు. తిరుపతిలో 2021లో పిల్లల గుండె ఆస్పత్రి ప్రత్యేకంగా వచ్చింది. అంత దూరం వచ్చిన బిడ్డను సెన్సర్ ఖర్చు దగ్గర ఆపకూడదు. ఇక నీ కాగితం మీద ఇలా రాయి. నెలల పిల్లలకు, బృహద్ధమని వంపు కేసులకు, మెడ ధమనులు పూడినవాళ్లకు సెన్సర్లు. మామూలు బైపాస్‌లకు వద్దు. మిగిలిన డబ్బు రాత్రి డ్యూటీకి.

మేనల్లుడు: ఇంకో వరస చేర్చనీ. 50 కిలోల లోపు బరువుండి, హిమోగ్లోబిన్ 10 కన్నా తక్కువున్న ఆడవాళ్లు.

మేనత్త: వాళ్లకు కావలసింది సెన్సర్ కాదు రా. ఆరు వారాల ఐరన్. ఆపరేషన్ వాయిదా వేయమని రాయి.

మేనల్లుడు: వాయిదాకు అందరి దగ్గరా టైముండదు అత్తా. వాల్వు పూర్తిగా బిగుసుకుపోయి, పడుకుంటే ఊపిరాడక రాత్రంతా కూర్చునే ఉండే మనిషి వస్తుంది. ఆమెను ఆరు వారాలు ఆగమంటే ఆరు రోజులు కూడా ఆగలేదు. ఆమె రక్తం పలచబడుతుందని నాకు ముందే తెలుసు. అప్పుడు మెదడుకు ఎంత అందుతోందో చూడకుండా పంపు నడపమంటావా?

మేనత్త: ఆమెకు పెట్టు. రెండు వైపులా పెట్టు. ట్యూబులు చిన్నవి వాడు, రక్తం సిద్ధంగా ఉంచుకో. ఆ రాత్రి ఆమె మంచం దగ్గర వేరే రోగి లేని సిస్టర్ ఒకరు ఉండాలని కూడా అదే వరసలో రాయి, కింద సంతకం పెట్టు.